పాత కేటీ100 కార్ట్ ఇంజన్‌కి ఆర్‌ఎక్స్100 కార్బొరేటర్ వేస్తే నడుస్తుందా?

కావలి_కార్ట్
మా బాబాయి షెడ్డులో ఏళ్ల తరబడి పట్టా కప్పి ఉన్న గో-కార్ట్ ఇప్పుడు నా చేతికొచ్చింది. చెన్నైలో ఎవరో పాత రేసర్ దగ్గర కొన్నాడంట. ఇంజన్ యమహా కేటీ100. టూ స్ట్రోక్, ఎయిర్ కూల్డ్, 52 బోరు, 46 స్ట్రోకు, రీడ్ వాల్వు లేదు, పిస్టన్ పోర్టే. సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఉంది. మీద వాల్‌బ్రో డబ్ల్యూబీ-3ఏ డయాఫ్రం కార్బొరేటర్.
చల్లగా ఉన్నప్పుడు బాగానే అందుకుంటుంది. వేడెక్కాక రేస్ వదిలినా ఆర్‌పీఎం దిగదు. కాసేపు తనంతట తానే పైకి ఎగబాకి, తర్వాత టక్కున ఆగిపోతుంది. పెట్రోలు సర్దే హై, లో స్క్రూలు ఎటు తిప్పినా అంతే. డయాఫ్రం కిట్టు నెల్లూరులో అడిగితే రంపం మిషన్లకు వచ్చేది చూపిస్తున్నారు.
ఇంట్లో ఆర్‌ఎక్స్100 తాలూకు మికుని వీఎం20 మంచి కండిషన్‌లో ఉంది. ఒక ప్లేటు చేయించి ఇది బిగించేస్తే? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

ఆర్‌ఎక్స్_రాజా
బిగించెయ్ అన్నా. అదీ వంద సీసీనే, ఇదీ వంద సీసీనే. ఆర్‌ఎక్స్ కార్బొరేటర్ మన ఊళ్లో ప్రతి మెకానిక్‌కూ కొట్టిన పిండి. డయాఫ్రం గోల నీకెందుకు.

ఒంగోలు_లేత్
రాజా, సీసీ కలిసినంత మాత్రాన సరిపోదు. ఆర్‌ఎక్స్100 పవరంతా 7500 ఆర్‌పీఎం దగ్గర. కేటీ100ని రేసులో దానికి రెట్టింపు తిప్పుతారు. అది పక్కన పెట్టినా ఇంకో సంగతి ఉంది. ఆర్‌ఎక్స్‌లో ట్యాంకు పైన, కార్బొరేటర్ కింద. పెట్రోలు తన బరువుకు తానే దిగుతుంది. కార్ట్‌లో ట్యాంకు నేల మీద, డ్రైవర్ కాళ్ల మధ్య, స్టీరింగ్ రాడ్డు కింద ఉంటుంది. కార్బొరేటర్ దానికంటే ఎత్తులో. పెట్రోలును పైకి ఎవరు లాగుతారు?

ఆర్‌ఎక్స్_రాజా
మరి ఇప్పుడు ఎవరు లాగుతున్నారు?

ఒంగోలు_లేత్
ఆ వాల్‌బ్రో లోపలే పంపు ఉంది.

కందుకూరు_సీను
చిన్న డబ్బా ఒకటి సీటు వెనకాల ఎత్తులో కట్టుకుంటే సరి. మా ఊళ్లో పాత స్ప్రేయర్ ఇంజన్లన్నీ అట్లనే నడుస్తాయి.

ఒంగోలు_లేత్
సీనూ, వద్దు. స్ప్రేయర్ ఒకచోట నిలబడి నడుస్తుంది. కార్ట్‌కు సస్పెన్షన్ ఉండదు, ప్రతి గులకరాయీ ఛాసిస్‌కు తగులుతుంది. పైన డబ్బా, మధ్యలో ప్లాస్టిక్ పైపు, దాని కింద ఎర్రగా కాలే సైలెన్సరు. పైపు ఊడిందంటే పెట్రోలు నేరుగా దాని మీద పడుతుంది, పక్కనే మనిషి కూర్చుని ఉంటాడు. ట్యాంకును కింద పెట్టింది ఊరికే కాదు.

పెన్నా_గట్టు
మారుతి 800 పెట్రోలు పంపు వేస్తే? ఆటోనగర్‌లో పాతవి కుప్పలుగా ఉంటాయి.

బెంగళూరు_నెల్లూరోడు
మారుతి పంపును ఇంజన్ లోపల క్యాం తొయ్యాలి. కేటీ100లో క్యామే లేదు కదన్నా. 12 వోల్టుల ఎలక్ట్రిక్ పంపు అని ఇంకెవరైనా అనకముందే చెప్తున్నా: ఇలాంటి పాత కార్ట్ మీద బ్యాటరీ ఉండదు, పైగా కారు పంపు ప్రెషర్‌కు మికుని ఫ్లోట్ వాల్వు ఆగదు, బౌల్, అంటే పెట్రోలు నిలవుండే చిన్న గిన్నె, పొంగి పొర్లుతుంది.
టూ స్ట్రోక్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు క్రాంకు కేసులో గాలి నొక్కుకుంటుంది, పైకి పోయినప్పుడు లాగుతుంది. ఆ కొట్టుకునే గాలినే పల్స్ అంటారు. వాల్‌బ్రోలో ఒక పల్చటి డయాఫ్రం ఈ పల్స్‌కు అటూ ఇటూ ఆడి, ట్యాంకులోంచి పెట్రోలు లాగుతుంది. రెండో డయాఫ్రం ఎంత కావాలో అంత లోపలికి వదులుతుంది. బౌలూ లేదు, ఫ్లోటూ లేదు. అందుకే ఎంత వంచినా, ఎంత కుదిపినా ఆగదు. నిజానికి ఈ డయాఫ్రం కార్బొరేటర్లు చెట్లు కోసే రంపం మిషన్ల సొత్తు. 1956లో అమెరికాలో ఆర్ట్ ఇంగెల్స్ మొదటి కార్ట్‌ను లాన్ కోసే మిషన్ ఇంజన్‌తో చేశాడు. తర్వాత రంపాలు తయారు చేసే మెకల్లక్ కంపెనీ 1959లో ఎంసీ-10 అని ప్రత్యేకంగా కార్ట్‌కే ఇంజన్ తెచ్చింది. రంపం కార్బొరేటర్ కార్ట్ మీదికి వచ్చింది అలాగే.
కావలి అన్నా, ముందు ఒకటి చూడు. కేటీ100లో ఆ పల్స్ వచ్చేది కార్బొరేటర్ బిగించే ముఖంలో ఉన్న సన్న రంధ్రం గుండా. ప్యాకింగ్‌లో కూడా ఆ రంధ్రం ఉండాలి. చాలామంది తెల్ల ప్యాకింగ్ షీటు కోసి వేసేటప్పుడు దాన్ని వదిలేస్తారు, లేదా తిరగేసి బిగిస్తారు. పల్స్ మూసుకుపోతే కార్బొరేటర్ ఎంత కొత్తదైనా పెట్రోలు రాదు.

కావలి_కార్ట్
చూశాను. ప్యాకింగ్‌లో రంధ్రం ఉంది, కలిసే ఉంది.

మైపాడు_గాలి
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటా. ఫ్లోట్ బౌల్ కార్బొరేటర్ కార్ట్‌లో పనికిరాదు. మలుపులో పెట్రోలంతా బౌల్‌లో ఒక పక్కకు పోతుంది, పెట్రోలును లోపలికి వదిలే సన్న రంధ్రం, అదే జెట్టుకు, అందదు. ఇంకేం వద్దు, ఆ కిట్టు ఎక్కడో తెప్పించుకో.

బెంగళూరు_నెల్లూరోడు
పనికిరాదు అనేది తప్పు. మన దేశంలో రేసులు నడిచిన రోటాక్స్ మ్యాక్స్ కార్ట్ ఇంజన్ చూడు, దాని మీద ఉన్నది డెలోర్టో వీహెచ్‌ఎస్‌బీ 34, ఫ్లోట్ బౌల్ కార్బొరేటరే. గేర్లున్న కేజెడ్ కార్టులకు డెలోర్టో వీహెచ్‌ఎస్‌హెచ్ 30, అదీ ఫ్లోటే. అన్నిటికీ పక్కన వేరే పల్స్ పంపు ఉంటుంది. ప్రపంచమంతా అట్లా రేసులు గెలుస్తుంటే కావలిలో రైస్ మిల్లు కళ్లంలో ఎందుకు నడవదు?

మైపాడు_గాలి
ఆ కార్బొరేటర్లను కార్ట్ వేగానికి తగ్గట్టు ఫ్లోట్లూ జెట్లూ చూసుకుని వేస్తారు. ఆర్‌ఎక్స్ వీఎం20 బైకు కోసం. బైకు మలుపులో తానే వంగుతుంది, కాబట్టి బౌల్‌లో పెట్రోలు మట్టం మారదు. కార్ట్ వంగదు, చదునుగానే జారుతుంది. అదీ కాక మోటారు గట్టిగా ఛాసిస్‌కు బిగించి ఉంటుంది, రబ్బరు బుష్‌లు ఉండవు. ఆ అదురుకు బౌల్‌లో పెట్రోలు నురగ కడుతుంది. నురగ జెట్టులోకి పోతే ఇంజన్‌కు అందేది సగం గాలే.

బెంగళూరు_నెల్లూరోడు
బైకు వంగుతుంది అన్నది సరైన మాటే, ఒప్పుకుంటున్నా. అదురుకు మాత్రం మందు ఉంది. ఆర్‌ఎక్స్ కార్బొరేటర్ రబ్బరు జాయింట్ మీద కూర్చుంటుంది. అదే జాయింట్ వాడితే సగం అదురు అక్కడే ఆగుతుంది.

పాలిటెక్నిక్_మాస్టారు
అందరూ కార్బొరేటర్ గురించి మాట్లాడుతున్నారు. మొదటి పోస్టు మళ్లీ చదవండి.
"వేడెక్కాక రేస్ వదిలినా ఆర్‌పీఎం దిగదు, తనంతట తానే ఎగబాకుతుంది." ఇది లీన్ అయిన ఇంజన్ లక్షణం. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. స్క్రూలు తిప్పినా మారలేదంటే, ఆ అదనపు గాలి కార్బొరేటర్ గుండా రావడం లేదు, ఇంకెక్కడి నుంచో వస్తోంది. ఏళ్ల తరబడి నిలబడిన టూ స్ట్రోక్‌లో నేను ముందు అనుమానించేది క్రాంకు ఆయిల్ సీళ్లను, అంటే షాఫ్టు చుట్టూ గాలి రాకుండా ఆపే రబ్బరు రింగులను. రబ్బరు పెదవి గట్టిపడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పట్టి ఉంటుంది, వేడెక్కాక వదిలేస్తుంది. ఇప్పుడు మీరు మికుని పెట్టినా, బంగారు కార్బొరేటర్ పెట్టినా, అదే జబ్బు. ఇంకా ప్రమాదం, ఎందుకంటే లీన్‌గా ఫుల్ రేసులో తిప్పితే పిస్టన్ పట్టేస్తుంది.
టెస్టు ఇలా చెయ్యి అబ్బయ్యా. సైలెన్సర్ విప్పి ఎగ్జాస్టు పోర్టుకు పాత ట్యూబు ముక్క పెట్టి పైన ప్లేటు బిగించు. కార్బొరేటర్ తీసి అక్కడా అలాగే మూసెయ్, పల్స్ రంధ్రంతో సహా. పాత స్పార్క్ ప్లగ్ పింగాణీ పగలగొట్టి లోపల సన్న రాగి గొట్టం అతికించు, దాన్ని హెడ్డులో బిగించు. పిస్టన్‌ను అడుగుకు దింపు, అప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకుని క్రాంకు కేసులోకి కూడా గాలి పోతుంది. ఇక బీపీ చూసే మిషన్ బల్బూ, మీటరూ తగిలించి ముల్లు 300 దాకా కొట్టు. 300 మిల్లీమీటర్ల పాదరసం అంటే దాదాపు 6 పీఎస్‌ఐ. కంప్రెసర్‌తో మాత్రం కొట్టవద్దు, మంచి సీళ్లు కూడా బయటికి తన్నుకొస్తాయి. ముల్లు నిలబడాలి. దిగుతుంటే సబ్బు నురగ రాస్తూ పో, బుడగ ఎక్కడ లేస్తే అక్కడ లీకు.

ఆర్‌ఎక్స్_రాజా
ఇంజన్‌కు బీపీ చూసే డాక్టరు మీరొక్కరే మాస్టారూ.

పెన్నా_గట్టు
మా ఇంట్లో అమ్మ బీపీ మిషన్ ఉంది, గ్రీజు చేతుల్తో ముట్టుకుంటే ముందు నా బీపీ చూడాల్సి వస్తుంది.

పాలిటెక్నిక్_మాస్టారు
మెడికల్ షాపులో బల్బు, గడియారం విడిగా దొరుకుతాయి. అమ్మగారి జోలికి పోకండి.

సింగరాయకొండ_సాయి
బాగయ్యాక మా ఊరికి తీసుకురండి. హైవే మీద విమానాలు దిగడానికి వేసిన రన్‌వే ఉంది, గీత గీసినట్టు సాపు.

ఒంగోలు_లేత్
సాయీ, అది హైవే తమ్ముడూ. లారీల మధ్యలో అడుగెత్తు కార్ట్ ఎవరికి కనిపిస్తుంది? జోకుకు కూడా అనొద్దు, పిల్లలు కూడా చదువుతున్నారు.

గూడూరు_పాతకాపు
రన్‌వే అంటే గుర్తొచ్చింది. మద్రాసులో రేసులంటే ఒకప్పుడు షోలవరమే. యుద్ధకాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ మీద నడిచేవి. మన నెల్లూరు నుంచి పోతే మద్రాసు ఊళ్లోకి పోకముందే రోడ్డు పక్కన తగిలేది కాబట్టి మా నాన్న, ఆయన స్నేహితులు బస్సులో పోయి మధ్యలోనే దిగేవాళ్లు. రేసు ఇంజన్లలో పోసే ఆముదం కాలిన వాసన చొక్కాలకు పట్టి ఇంటిదాకా వచ్చేదని అమ్మ చెప్తుంది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చాక షోలవరం సద్దుమణిగింది. కావలి తమ్ముడూ, నీ కార్ట్ చెన్నై నుంచి వచ్చిందంటున్నావు, ఛాసిస్ మీద ఏమైనా స్టిక్కర్లు, నంబర్లు ఉంటే తుడిచెయ్యకుండా ఫొటో తీసి పెట్టు.

కావలి_కార్ట్
మాస్టారు చెప్పినట్టే టెస్టు చేశాను. ముల్లు 300 నుంచి చూస్తుండగానే 200కు దిగింది. చైను స్ప్రాకెట్ వైపు షాఫ్టు చుట్టూ సన్న బుడగలు వరసగా లేచాయి. మాగ్నెటో వైపు ఏమీ లేదు.

పాలిటెక్నిక్_మాస్టారు
దొరికింది. అయినా రెండు వైపులా సీళ్లు మార్చు. మాగ్నెటో వైపు సీలు ప్రెషర్‌ను ఆపుతుంది కానీ వాక్యూంలో వదలొచ్చు. ఇంజన్ నడిచేటప్పుడు రెండూ వస్తాయి కదా. సైజులు సీలు మీదే అచ్చు వేసి ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. ఆ అంకెలు పట్టుకుని బేరింగుల షాపుకు పో. పెట్రోలు తగిలే చోటు కాబట్టి గోధుమరంగు వైటన్ సీళ్లు అడుగు.

ఒంగోలు_లేత్
సీలు తీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో కేసు గోడను గీకొద్దు. సీలు ముఖంలో సన్న డ్రిల్లు పెట్టి, స్క్రూ ఎక్కించి, కటింగ్ ప్లయరుతో లాగు. తీశాక షాఫ్టు పట్టుకుని పైకి కిందికి ఆడించి చూడు. ఏమాత్రం కదిలినా బేరింగ్ పోయినట్టే. బేరింగ్ పోయిన షాఫ్టు మీద ఏ సీలూ నిలవదు.

కావలి_కార్ట్
బేరింగులు గట్టిగా ఉన్నాయి. సీళ్లు మార్చాను. ఆర్‌పీఎం ఎగబాకడం పోయింది, రేస్ వదిలితే దిగుతోంది. మాస్టారికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.
కానీ కార్బొరేటర్ విషయం అట్లానే ఉంది. విప్పి చూశాను. లోపలి డయాఫ్రం ఎండిన అప్పడంలా పటపటలాడుతోంది. స్లో రేసులో నిలబడదు, రేస్ ఇస్తే వెంటనే అందుకోదు. మేం నడిపేది మిల్లు కళ్లంలో, వడ్లు ఆరబోయని రోజుల్లో, తమ్ముళ్లతో. అంత స్పీడు మాకక్కర్లేదు, మెల్లగా నమ్మకంగా నడిస్తే చాలు. అందుకే వీఎం20 వేద్దామనే అనుకుంటున్నాను.

వింటేజ్_మనిషి
నాకు ఇది బాధగా ఉంది. కేటీ100 డెబ్బైల్లో వచ్చిన ఇంజన్, ప్రపంచమంతా పిల్లలు రేసులు నేర్చుకున్నది దీని మీద. ఒరిజినల్ కార్బొరేటర్‌తో ఉన్నది మన వైపు ఎన్ని ఉంటాయి? డబ్ల్యూబీ-3ఏ కిట్టు ఇప్పటికీ బయట తయారవుతోంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. డయాఫ్రం, ఇన్‌లెట్ నీడిల్, ప్యాకింగ్ మారిస్తే కొత్తదానిలా నడుస్తుంది. దయచేసి ఇంజన్‌కు డ్రిల్లు పెట్టొద్దు.

కావలి_కార్ట్
డ్రిల్లు పెట్టను. కిట్టు కూడా ఆర్డరు పెట్టాను, వాల్‌బ్రోను బాగుచేసి నూనె గుడ్డలో చుట్టి దాచిపెడతాను. ప్లేటు మాత్రం విప్పుకునేలా చేయిస్తా.

వింటేజ్_మనిషి
అయితే నాకు అభ్యంతరం లేదు. మంచి పని.

ఒంగోలు_లేత్
ప్లేటు సంగతి నేను చెప్తాను, రోజూ చేసేది ఇదే. చీమకుర్తి క్వారీల మిషన్లకు మా దగ్గర ఇంతకంటే కష్టమైనవి తిరుగుతాయి.
12 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు తీసుకో. ఇంజన్ వైపు ముఖం కేటీ100 స్టడ్లకు కలవాలి, రెండో ముఖం ఆర్‌ఎక్స్ రబ్బరు జాయింట్ బోల్టులకు. స్టడ్ల మధ్య దూరం టేపుతో కొలవొద్దు, వెర్నియర్‌తో కొలువు. ఇంకా మంచి పద్ధతి, పాత ప్యాకింగ్‌ను నేరుగా లేత్ అతనికి ఇవ్వు. ఇంజన్ వైపు స్టడ్ల నట్లు ప్లేటులోకి మునిగేలా కౌంటర్ వేయించు, లేకపోతే జాయింట్ కూర్చోదు. మధ్య రంధ్రం ఒక పక్క 20, రెండో పక్క ఇంజన్ పోర్టు కొలత. రెంటి మధ్య మెల్లగా ఏటవాలుగా కలవాలి, మెట్టు ఉండకూడదు. మెట్టు ఉంటే అక్కడ పెట్రోలు చుక్కలు కట్టి, రేస్ ఇచ్చినప్పుడు ఒక్కసారిగా లోపలికి దూకి ఇంజన్ తడబడుతుంది.
కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉన్న నల్ల బేకలైట్ దిమ్మను తీసెయ్యకు. అది వేడిని ఆపుతుంది. అది లేకుంటే మన ఎండలకు బౌల్‌లో పెట్రోలు మరుగుతుంది.
ఇంజన్ ఛాసిస్ మీద నిటారుగా ఉందో, వాలుగా ఉందో మట్టం బద్ద పెట్టి చూడు. ఫ్లోట్ బౌల్ నిటారుగానే ఉండాలి. వాలు ఉంటే ప్లేటు ముఖాన్ని ఆ కోణంలో మిల్లింగ్ చేయించు.
ఇక పల్స్ రంధ్రం. ప్లేటును ఊరికే బిగిస్తే ఆ రంధ్రం మూసుకుపోతుంది, లేదా సగం తెరుచుకుని గాలి లాగుతుంది. మళ్లీ మొదటికొస్తావు. ప్లేటు ముఖంలో ఆ రంధ్రానికి ఎదురుగా కొంత లోతు డ్రిల్లు వేసి, ప్లేటు పక్క నుంచి ఇంకో డ్రిల్లుతో దాన్ని కలుపు. పక్క రంధ్రానికి ఇత్తడి నిపుల్ బిగించు. పల్స్ బయటికి వచ్చేది అక్కడి నుంచే, ఇంజన్‌కు ఒక్క గీత పడదు.

బెంగళూరు_నెల్లూరోడు
లేత్ అన్న చెప్పినదానికి నాది కలుపు. ఆ నిపుల్‌కు మికుని పల్స్ పంపు తగిలించాలి. గుండ్రంగా చిన్నది ఉంటుంది, మూడు నోళ్లు: పల్స్, లోపలికి, బయటికి. పల్స్ పైపు జానెడుకు మించకూడదు, గోడ మందంగా ఉండాలి. మెత్తటి పైపు వేస్తే పల్స్‌కు పైపే ఉబ్బుతుంది, పంపు ఆడదు. పంపు ఇంజన్ కంటే కాస్త ఎత్తులో పెట్టి పైపును ఇంజన్ వైపుకు వాలుగా ఉంచు. అప్పుడు లోపల చేరే ఆయిల్ వెనక్కు జారిపోతుంది. పంపు తర్వాత ఒక టీ పెట్టి మిగులు పెట్రోలు ట్యాంకుకు తిరిగి పోయేలా సన్న జెట్టు ఒకటి లైనులో ఉంచితే ఫ్లోట్ వాల్వు మీద ఒత్తిడి పడదు. కేజెడ్ వాళ్లు ఇట్లనే చేస్తారు.

మైపాడు_గాలి
ఫ్లోట్ మీద నా అభిప్రాయం మారలేదు, కానీ పంపు కోసం చెన్నై దాకా పోనక్కర్లేదని చెప్పడానికి వచ్చా. తీరంలో పడవలకు పెట్టే అవుట్‌బోర్డు మోటార్లలోనూ పల్స్ పంపే ఉంటుంది. వాటిని బాగుచేసే వాళ్లను అడిగితే పంపో, డయాఫ్రమో దొరుకుతుంది. వాళ్లకు ఉప్పు గాలిలో రబ్బరు ఎట్లా కాపాడుకోవాలో కూడా తెలుసు.

సింగరాయకొండ_సాయి
పినాకిని రైల్లో పోయి చెన్నైలో పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో వెతుక్కోవచ్చు కదా?

పెన్నా_గట్టు
పినాకినిలో మధ్యాహ్నానికి దిగుతావు, అదే బండి తిరిగి బయల్దేరే లోపు పుదుపేటలో ఒక వీధి కూడా అయిపోదు. పోతే రాత్రి నిద్ర వదులుకుని పోవాలి. వచ్చేటప్పుడు నెల్లూరులో దిగి మాకు మలై కాజా తెచ్చి ఇవ్వు.

కందుకూరు_సీను
ఆర్‌ఎక్స్‌కు ఆయిల్ వేరే డబ్బాలో పోస్తాం, పంపు కలుపుకుంటుంది. కార్ట్‌లో?

ఒంగోలు_లేత్
మంచి ప్రశ్న. కార్ట్‌లో ఆటోలూబ్ లేదు, పెట్రోలులోనే కలపాలి. వీఎం20 మీద ఆయిల్ పైపు తగిలించే నిపుల్ ఉంటే దాన్ని మూసెయ్యాలి, లేదంటే అది కూడా గాలి లీకే. ఎంత కలపాలి అంటే, లీటరుకు 50 మిల్లీ. 20కి 1.

ఆర్‌ఎక్స్_రాజా
లీటరుకు 50 చాలా ఎక్కువ కదా, ప్లగ్ తడిసిపోదా? నేను ఆర్‌ఎక్స్‌లో పంపు తీసేసి లీటరుకు 25 కలుపుతా, ఏం కాలేదు.

పాలిటెక్నిక్_మాస్టారు
రాజా, నీ బైకు రోడ్డు మీద సగం రేసులో పోతుంది, కార్ట్ మలుపు మలుపుకూ పూర్తి రేసులోకి పోతుంది. ప్లగ్ తడిసేది ఎక్కువగా జెట్టింగ్ తప్పు వల్ల, మంచి సింథటిక్ టూ స్ట్రోక్ ఆయిల్ వల్ల కాదు. ఒక సంగతి అందరూ మర్చిపోతారు: ఆయిల్ పెంచితే అదే జెట్టులోంచి పోయే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది, అంటే మిశ్రమం లీన్ అవుతుంది. కాబట్టి ముందు ఆయిల్ నిష్పత్తి ఖాయం చేసుకో, తర్వాతే జెట్టు ముట్టుకో. రెండూ ఒకేసారి మార్చకు.

గూడూరు_పాతకాపు
ఆముదం వాడకూడదా? పాతవాళ్లంతా అదే.

పాలిటెక్నిక్_మాస్టారు
రేసింగ్ కోసం జిగురు తీసిన ఆముదం వేరు, కిరాణా కొట్లో దొరికేది వేరు. కిరాణాది పోస్తే రింగులు గాడుల్లో అతుక్కుంటాయి. మిల్లు కళ్లంలో నడిపేదానికి సింథటిక్ చాలు.
ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20, అంటే ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అంతే గాలికి పెట్రోలు దాదాపు 8 శాతం ఎక్కువ కావాలి. పాత జెట్టు అంకెలు చెప్పేవాళ్ల మాట అందుకే ఇప్పుడు సరిపోదు. పైగా మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నడిపాక ట్యాంకు ఖాళీ చేసి, బౌల్‌లో ఉన్నది కూడా మండి ఆగిపోయే దాకా నడపండి. నిలవ పెట్రోలు వల్ల పోయిన రబ్బరే ఎక్కువ.

కావలి_కార్ట్
ప్లేటు వచ్చింది, బిగించాను. పంపు దొరికింది. పెట్రోలు వస్తోంది, పైపులో చుక్కలు పరిగెత్తడం కనిపిస్తోంది. ఇంకా పూర్తి రేస్ ఇవ్వలేదు. యాక్సిలరేటర్ పెడల్ కొంచెం తొక్కగానే వైరు గట్టిగా లాగుతోంది. జెట్టు ఏది పెట్టాలి?

ఒంగోలు_లేత్
ముందు పెడల్. వాల్‌బ్రోలో చిన్న లీవరు తిరిగేది, మికునిలో గాలి దారిని తెరిచే స్లైడు నిలువుగా 20 మిల్లీమీటర్లు లేవాలి. పెడల్ ప్రయాణం దానికి తగ్గట్టు సర్ది, కింద స్టాపర్ బోల్టు పెట్టు. లేకపోతే కాలి బలమంతా వైరు మీద పడి స్లైడు టోపీ పగులుతుంది. పెడల్‌కు విడిగా ఒక స్ప్రింగు, కార్బొరేటర్‌లో స్ప్రింగు, రెండూ ఉండాలి. ఫిల్టర్ లేకుండా తిప్పకు. కళ్లంలో ఊక దుమ్ము స్లైడులో ఇరుక్కుంటే రేస్ పైనే ఆగిపోతుంది. ఇంజన్ ఆపే కిల్ స్విచ్ స్టీరింగ్ దగ్గర, చెయ్యి తీయకుండా అందే చోట పెట్టు. ఇది లేకుండా తమ్ముళ్లకు ఇవ్వకు.

పాలిటెక్నిక్_మాస్టారు
ఒంగోలు వారు చెప్పినది ముందు చెయ్యి. తర్వాత జెట్టు.
మెయిన్ జెట్ 130 నుంచి మొదలుపెట్టు. పూర్తి రేసులో ఇంజన్ బుడబుడమంటూ, నాలుగు స్ట్రోకుల ఇంజన్ శబ్దం లాంటిది చేస్తే అది రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ. అక్కడి నుంచి 5 చొప్పున దిగు. శబ్దం సాఫీ అవ్వగానే ఆగు, ఇంకో మెట్టు దిగకు. పవరు ఇంకాస్త దొరుకుతుందని దిగేవాళ్లే పిస్టన్లు కొంటారు. ఒకే రకం జెట్లు వాడు. మికుని అంకె పెట్రోలు ప్రవాహాన్ని బట్టి, డెలోర్టో అంకె రంధ్రం వ్యాసాన్ని బట్టి వేస్తారు, 100 మీద 100 కలవదు. రోడ్డు పక్కన అమ్మే జెట్లలో అంకె ఒకటి, రంధ్రం ఒకటి ఉంటాయి, సూదితో సరిచూసుకో.
ప్లగ్ చూసే పద్ధతి: కొత్త ప్లగ్ పెట్టి, పూర్తి రేసులో కాసేపు పోయి, రేస్ వదలకుండానే కిల్ స్విచ్ నొక్కు. బండి తానే ఆగాక ప్లగ్ విప్పు. చూడాల్సింది పింగాణీ కొన కాదు, లోతున అది లోహంలోకి దిగే చోట సన్నని గోధుమ ఉంగరం. తెల్లగా ఉంటే వెంటనే ఆగు. ప్లగ్ మార్చేటప్పుడు గుర్తుంచుకో, ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది. బైకు ప్లగ్ తీసి కార్ట్‌కు పెట్టేయకు.

ఆర్‌ఎక్స్_రాజా
మాస్టారూ, వీఎం20 బదులు 26 వేస్తే ఇంకా లాగుతుంది కదా? నా దగ్గర ఉంది, ఇచ్చేస్తా.

పాలిటెక్నిక్_మాస్టారు
వాళ్లు మెల్లగా నడుపుతామన్నారు. వెడల్పాటి గొట్టంలో గాలి వేగం తగ్గి, తక్కువ రేసులో పెట్రోలును సరిగా లాగదు. వారికి 20 సరైనది. 12 వేలకు పైన తిప్పాలనుకున్న రోజు 20 గొంతు పట్టేస్తుంది, అప్పుడు నీ 26 గురించి మాట్లాడుకుందాం.

కావలి_కార్ట్
115 దగ్గర పూర్తి రేస్ సాఫీ అయింది. ఉంగరం గోధుమరంగు. స్లో రేసు నిలబడుతోంది, క్లచ్ మెల్లగా పట్టుకుంటోంది. మలుపులో ఆగడం నాకు కనిపించలేదు, కానీ కళ్లంలో మలుపులు చిన్నవి. ఒక్కటే మిగిలింది: సగం రేసు దగ్గర క్షణం పాటు తడబడి అందుకుంటోంది.

మైపాడు_గాలి
పెద్ద ట్రాక్‌లో ఎడమ మలుపు, కుడి మలుపు రెండూ పూర్తి వేగంతో చూసి చెప్పు. ఆ రోజు కూడా ఆగకపోతే నేను ఇక్కడే రాస్తాను నా మాట తప్పని.

ఒంగోలు_లేత్
తడబాటు అంటే బొంగురుగా ఊపిరాడనట్టా, లేక ఖాళీగా పడిపోయినట్టా?

కావలి_కార్ట్
ఖాళీగా. శబ్దం పోతుంది, తర్వాత గబుక్కున అందుకుంటుంది.

పాలిటెక్నిక్_మాస్టారు
ఖాళీగా అంటే లీన్. సగం రేసు స్లైడుకు వేలాడే సూది, అదే నీడిల్, చేతిలో ఉంటుంది, మెయిన్ జెట్ ముట్టుకోకు. నీడిల్ మీద ఐదు గాడులు ఉంటాయి. క్లిప్‌ను ఒక గాడి కిందికి దించు, నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. దాంతో పోకపోతే ఎయిర్ స్క్రూ పావు చుట్టు లోపలికి తిప్పు. ఒకటి మార్చాక నడిపి చూసి, అప్పుడే రెండోది. ఇంకో మాట, నువ్వు ఇది సెట్ చేసింది ఎండాకాలం మధ్యాహ్నం. వేడి గాలి పల్చన. డిసెంబరులో తెల్లవారుజామున చల్లగాలి చిక్కగా ఉంటుంది, అదే జెట్టు లీన్ అవుతుంది. అప్పటికి 120 తీసి చేతిలో ఉంచుకో.

వింటేజ్_మనిషి
వాల్‌బ్రో కిట్టు వచ్చిందా?

కావలి_కార్ట్
వచ్చింది. ఆదివారం విప్పుతాను. ఇన్‌లెట్ లీవరు ఎత్తు ఎంత పెట్టాలో ఎవరికైనా తెలిస్తే ఆలోపు చెప్పండి.

బెంగళూరు_నెల్లూరోడు
కిట్టులో ఉన్న కాగితం పారేయకు, కొలత అందులో ఉంటే అదే పెట్టు. లేకపోతే ఫొటో పెట్టు, నా దగ్గర ఉన్న డబ్ల్యూబీ-3ఏ విప్పి పక్కన పెట్టి చూస్తాను.